మందు కొట్టని అంకుల్

సువార్తరాజు గారు ఎవరైనా ఎదురుపడితే ముందు మొహం చూడరు, మెడ చూస్తారు. వెనక్కి వెళ్ళి, కాలర్ తిప్పి, అక్కడ కుట్టిన లేబుల్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని, అది పాలియెస్టరో నూలో తేల్చేదాకా నమస్కారం కూడా అందుకోరు. పాలియెస్టరైతే ఒక నిట్టూర్పు. నూలైతే ఇంకో ప్రశ్న: "ఇది మందు కొట్టిందా, కొట్టందా?" పెళ్ళికొడుకైనా, పాస్టర్ గారైనా, వీధిలో మంచు తీసే బండి నడిపే తెల్లాయనైనా సరే, కెనడాలోని ఆ కేంబ్రిడ్జ్ ఊళ్ళో ఈ పరీక్ష తప్పించుకున్నవాళ్ళు లేరు.

ఇంతా చేసి ఆయన పని చేసేది ఎక్కడనుకున్నారు? కారు సీట్ల ఫ్యాక్టరీలో. పగలంతా పాలియెస్టర్‌తోనే కాపురం. సాయంత్రం ఇంటికి రాగానే ఆ యూనిఫాం గరాజ్‌లోనే విప్పేసి, మోకాళ్ళ దాకా వేలాడే తెల్ల జుబ్బా తగిలించుకుంటే గానీ ఆయనకి ఊపిరి ఆడదు.

నిఖిల ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో గది చూడడానికి వచ్చింది ఒక సెప్టెంబరు సాయంత్రం. ఆ రోజుల్లో ఒంటారియోలో తెలుగు స్టూడెంట్లు దిగని ఊరు లేదు. కాలేజీలు సీట్లయితే ఇచ్చాయి గానీ, అంత మందికి ఊళ్ళల్లో గదులేవీ? పరుపు పట్టే జాగాకి కూడా పోటీయే. నిఖిల అప్పటికే ఎవరిదో గదిలో తలుపు వెనక పడుకుంటోంది. ఎవరు బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా ముందు ఆమెని లేపాలి. అలాంటప్పుడు వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన కనపడింది: "ఆడపిల్లలకు గది కలదు. మా ఇంట మందు కొట్టనిదే శ్రేష్ఠం." తాగుబోతుల గొడవ లేని ఇల్లన్నమాట అనుకుని ధైర్యంగా బయల్దేరింది.

సాయిచరణ్ అనే క్లాస్‌మేట్ సూట్‌కేస్ మోసుకుంటూ వెంట వచ్చాడు. తలుపు తీసిన సువార్తరాజు గారు నిఖిలని దాటి, సూట్‌కేస్‌ని దాటి, నేరుగా సాయిచరణ్ వెనక్కి వెళ్ళి కాలర్ తిప్పారు.

"మందు కొట్టిందేగా?"

సాయిచరణ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "లేదంకుల్. అంటే... మొన్న ఫ్రెండ్ బర్త్‌డే ఉండె. ఒక్కటే బీర్. అది గూడ వాళ్ళు బలవంతం చేస్తే."

"బీరా?" సువార్తరాజు గారు తెల్లబోయారు. "పత్తి మీద బీరెవరు కొడతారయ్యా?"

"పత్తి మీద గాదంకుల్, చికెన్ మీద."

లోపల్నించి గరిటె పట్టుకుని బాలకుమారి గారు పరిగెత్తుకొచ్చారు. ఆవిడ సువార్తరాజు గారి భార్య, వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, తిండి తినిపించే ఉద్యోగం. ఇలాంటి ప్రమాదాలు ఆవిడకి అలవాటే. "భయపడమాకండమ్మా. ఆయనకి మనుషులు కనపడరు, బట్టలే కనపడతాయి. ఆయన అడిగేది పురుగుమందు సంగతి. నువ్వు తాగిన సంగతి మేం వినలేదులే బాబూ, లోపలికి రా," అన్నారు.

విషయం ఇదీ. పురుగుమందు చల్లకుండా, బస్తాల ఎరువు వేయకుండా పండించిన పత్తితో నేసిన బట్టని షాపులవాళ్ళు ఆర్గానిక్ కాటన్ అంటారు. సువార్తరాజు గారికి ఆ పేరు నచ్చదు. పల్నాడులో పత్తి చేల మధ్య పెరిగిన మనిషి, ఆయన భాషలో అది మందు కొట్టని పత్తి. ఆ మాటకి మిగతా తెలుగు ప్రపంచంలో ఇంకో అర్థం ఉందని కెనడా వచ్చి ఇన్నేళ్ళైనా ఆయన చెవికెక్కలేదు. కూతురు హోప్ అయితే, "డాడ్, ప్లీజ్ స్టాప్ సేయింగ్ దట్," అని చెప్పి చెప్పి విసిగిపోయి, చదువు పేరుతో కాల్గరీ వెళ్ళిపోయింది.

చిత్రమేమిటంటే, ప్రకటన చూసి పొరబడినా, ఆంటీ పురుగుమందు అనగానే నిఖిలకి మాత్రం మొత్తం అర్థమైంది. ఆమెది పరకాల దగ్గర ఊరు. వాళ్ళ నాన్న పత్తే వేస్తాడు. చిన్నప్పట్నించి ఆ మందు వాసన పీల్చి పీల్చి, ఇక ఈ జన్మకి పత్తి మొహం చూడనని ఒట్టు పెట్టుకుని విమానం ఎక్కింది. దిగి దిగి ఈయన ఇంట్లో దిగింది. ఏం చేస్తాం, కర్మ!

అక్టోబరులో ఒక ఆదివారం అంకుల్ వాళ్ళ చర్చికి బేస్‌మెంట్ పిల్లలందరూ, తిండివేళకి ఎప్పుడూ అక్కడే తేలే సాయిచరణ్‌తో సహా, వెళ్ళారు. అందులో సగం మంది క్రైస్తవులు కారు. ప్రార్థన అయ్యాక బిర్యానీ పెడతారని సాయిచరణ్ చెప్పాడు, అంతే. ఆ రోజు ఒషావా నుంచి కొత్త పాస్టర్ గారు వచ్చారు. దేవుడు తమ బతుకు ఎలా మార్చాడో ఎవరైనా సాక్ష్యం చెప్తారా అని అడిగీ అడగ్గానే సువార్తరాజు గారు లేచి నిలబడ్డారు. వెనక వరసలో బాలకుమారి గారు అప్పుడే చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ప్రియ సహోదరులారా, ఒకప్పుడు నేను మందు కొట్టేవాణ్ణి."

హాల్లో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"అదీ ఎట్టా? తెల్లారి ఎండెక్కక ముందే మొదలుపెట్టేవాణ్ణి. పొద్దు గూకేదాకా ఆపేవాణ్ణి కాదు."

"ప్రభువా!" అన్నారు పాస్టర్ గారు.

"మా నాయనే అప్పు చేసి తెచ్చిచ్చేవాడు. ఇంటిల్లిపాదీ కొట్టేవాళ్ళం. సీసాలకి సీసాలు డబ్బాలో కలుపుకుని, వీపుకి తగిలించుకుని మరీ కొట్టేవాళ్ళం."

"వీపుకా!" అంది ముందు వరసలో ఒకావిడ, గుండెల మీద చెయ్యేసుకుని.

"మా తమ్ముడైతే నాకన్నా బాగా కొట్టేవాడు." ఇక్కడ ఆయన గొంతు ఎందుకో దిగిపోయింది. ఒక్క క్షణం కిటికీ వైపు చూసి, "ఇప్పుడు మాత్రం మందు కొట్టిందాన్ని ఒంటికి తగలనివ్వను," అని గబుక్కున కూర్చున్నారు.

పాస్టర్ గారు కన్నీళ్ళతో ఆయన తల మీద చెయ్యి పెట్టి, ఈ సహోదరుణ్ణి మత్తు బంధకాల నుంచి శాశ్వతంగా విడిపించమని చాలాసేపు ప్రార్థించారు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది సువార్తరాజు గారే. ఆ తర్వాత వారం వారం ఒషావా నుంచి ఫోన్ వచ్చేది. "బ్రదర్, ఈ వారం ఎలా గడిచింది?" అని ఆయన, "చలికాలం కదండీ, ఇప్పుడు ఎవరూ కొట్టరు," అని ఈయన. పాపం, ఆ పాస్టర్ గారు వేసవి వస్తుందంటే భయపడుతూ బతికారు.

చలి ముదిరింది. సువార్తరాజు గారు పిల్లలందరికీ తలో జుబ్బా పంచారు. పల్నాడులో ఆయన మేనమామ కొడుకు మందు కొట్టకుండా పత్తి పండిస్తాడు. దాన్ని నేయించి, నరసరావుపేటలో కుట్టించి పంపిస్తాడు. అంతవరకూ బాగానే ఉంది గానీ, ఆ టైలర్ దగ్గర ఉన్న కొలత ఒక్కటే, సువార్తరాజు గారిది. ఒక్కో జుబ్బాలో ఇద్దరు స్టూడెంట్లు హాయిగా కాపురం ఉండొచ్చు. రంగు గోనెసంచి రంగు. పిల్లలు దానికి టెంట్ అని పేరు పెట్టుకున్నారు.

"ఈ చలిల నూలు బట్టలేంది అంకుల్? గడ్డకట్టి పోతం," అని సాయిచరణ్ మొత్తుకున్నాడు.

"లోపల ఇదుండాలి. పైన ఏదైనా ఏడవనీ," అన్నారు ఆయన. "ఒంటికి గాలాడుద్ది. గోకుడుండదు. దద్దుర్లు రావు. మట్టిక్కూడా మంచిది. నువ్వొకటి తొడుక్కున్నావంటే, ఎక్కడో ఒకడు ఒక డబ్బా తక్కువ మోస్తాడు."

ఆ చివరి మాటకి నిఖిలకి ఒళ్ళు మండింది. "అంకుల్, మందు కొట్టకపోతే పత్తి ఎట్ల వస్తది? గులాబీ పురుగు మొత్తం తింటది. మా నాయన మందు కొట్టి పండిస్తేనే కద నేను చదివింది. ఇక్కడికి వచ్చింది గూడ అట్లనే. ఈ ముచ్చట్లు షాపింగ్ మాల్ల చెప్పెతందుకు మంచిగుంటయ్, చేన్ల గాదు."

సువార్తరాజు గారికి కోపం రాలేదు. కాసేపు జుబ్బా మడత సర్దుతూ నిలబడి, "నిజమేనమ్మా," అన్నారు. "మీ నాయన కొట్టేటప్పుడు మొహానికి గుడ్డ కట్టుకుంటాడా?"

"ఏమో అంకుల్."

"ఇంటికి రాగానే చొక్కా విప్పుతాడా?"

"అలసిపోయి వస్తడు. గట్లనే పండుకుంటడు."

మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు. వాదనలో గెలిచానని నిఖిల అనుకుంది గానీ, ఆ గెలుపు ఎందుకో రుచించలేదు. జుబ్బాని సూట్‌కేస్ అడుగున పడేసింది.

ఆ చలికాలం గురించి ఏం చెప్పమంటారు! బేస్‌మెంట్‌కి ఉన్న ఒక్క కిటికీ మంచులో కూరుకుపోయి, పగలో రాత్రో తెలిసేది కాదు. స్టూడెంట్లు ఎక్కువైపోయారని టీవీలో రోజూ చర్చలు. ఇకమీద వచ్చేవాళ్ళకి పరిమితి పెడుతున్నామని సర్కారు ప్రకటన. ఉన్నవాళ్ళకేమో పని లేదు. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే బయట మంచులో వీధి చివరిదాకా లైను. రెజ్యూమెలు పట్టుకుని నిఖిల ఎక్కని మెట్టు లేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం, "మస్తుగున్న నాయనా," అనేది. బేస్‌మెంట్‌లో ఎవర్ని కదిపినా అదే పాట. పైనుంచి ఆంటీ అడిగినా, చర్చిలో ఏ అంకుల్ అడిగినా, "ఆల్ గుడ్ ఆంటీ, ఆల్ గుడ్ అంకుల్." కావ్యశ్రీ అని పక్క మంచం అమ్మాయి ఒకరోజు పొద్దున ఆల్ గుడ్ అని చెప్పి, సాయంత్రానికి సామాను సర్దుకుని ఇండియా వెళ్ళిపోయింది. ఆ ఖాళీ మంచం వైపు చూడడానికి కూడా నిఖిలకి భయం వేసేది.

సువార్తరాజు గారి లేబుల్ పరీక్షలు మాత్రం ఆగలేదు. చలి పెరిగేకొద్దీ అవీ పెరిగాయి. పొద్దున కాలేజీకి పోయేటప్పుడొకసారి, రాత్రి తిరిగొచ్చినప్పుడొకసారి. అందులో ఒక తిరకాసు ఉండేది. నిఖిలకి ఉన్నది ఒకే ఒక్క నల్ల స్వెటర్. దాన్ని ఆయన సోమవారం అరవై శాతం పాలియెస్టర్ అనేవారు, గురువారం నలభై అయిదు అనేవారు.

"ఉతికితే శాతం తగ్గుతదా అంకుల్?"

"తగ్గుద్ది," అనేవారు, ఏమాత్రం తడుముకోకుండా. కళ్ళజోడు ఎప్పుడూ జుబ్బా జేబులోనే ఉండేది.

ఎట్టకేలకు నిఖిలకి పని దొరికింది. ఒక ఏజెన్సీ ద్వారా, ఊరి చివర వేర్‌హౌస్‌లో పెట్టెలు ప్యాక్ చేసే ఉద్యోగం. ఏజెన్సీ మనిషి మొదటి రోజే చెప్పాడు: షిఫ్ట్‌కి రాలేదంటే పేరు తీసేస్తాం, మీ వెనకాల ఇంకా చాలా మంది ఉన్నారు. ఆ మాట నిఖిల తల్లో మేకులా దిగిపోయింది. ఈ పని పోతే తర్వాతి ఖాళీ మంచం తనదే.

అలాంటి సమయంలో దగ్గు పట్టుకుంది. మొదట మామూలు దగ్గే. తర్వాత రాత్రిళ్ళు ఒళ్ళు కాలిపోవడం, మెట్లెక్కితే ఆయాసం. ఇంటి నుంచి తెచ్చుకున్న డోలో మాత్రలు వేసుకుని షిఫ్ట్‌కి పోయేది. పెట్టె ఎత్తితే పక్కటెముకల్లో పొడిచినట్టుండేది. అయినా ఒక్కరోజు మానలేదు. దగ్గు వినపడకుండా దిండులో మొహం దాచుకునేది. ఎవరడిగినా, ఇంకేముంది, ఆల్ గుడ్.

ఒక మధ్యాహ్నం షిఫ్ట్‌కి బయల్దేరి పక్క తలుపు తీసేసరికి, ఆ వారం రాత్రి షిఫ్ట్ పడిన సువార్తరాజు గారు దారిలో మంచు తోస్తూ కనపడ్డారు. అలవాటు ప్రకారం పార పక్కన పడేసి, గ్లవ్ తీసేసి, వెనక్కి వచ్చి స్వెటర్ కాలర్ తిప్పారు. వేళ్ళు మెడకి చల్లగా తగిలాయి. ఈసారి నిట్టూర్పు రాలేదు.

"డెబ్బై శాతం పాలియెస్టర్," అన్నారు. "ఇది పనికిరాదు. బండెక్కు."

"అంకుల్, నాకు షిఫ్ట్ ఉన్నది."

"నూలు స్వెటర్లు అమ్మే కొట్టు ఇక్కడే, పక్కనే. ఒకటి కొనిస్తా. ఆ తర్వాత నేనే దింపుతాలే, బస్సుకన్నా ముందే పోతావు."

వాదించే ఓపిక లేక కారెక్కింది. హీటర్ వేడికి కళ్ళు మూతలు పడ్డాయి. కళ్ళు తెరిచేసరికి కారు హాస్పిటల్ ఎమర్జెన్సీ ముందు ఆగి ఉంది.

"ఇది కొట్టు గాదు గద అంకుల్?"

"ఇక్కడ కూడా దొరుకుతాయి. దిగు."

అప్పుడు నిఖిలకి ఏడుపు ముంచుకొచ్చింది. "వద్దంకుల్, మీ కాళ్ళు మొక్కుత. ఇయ్యాల పోకపోతే నా పేరు తీసేస్తరు. ఎంత తిరిగితే దొరికిందో మీకు తెల్వదా? జ్వరమేం లేదు నాకు. నేను మంచిగనే ఉన్న."

"నీ గురించి ఎవరన్నారమ్మా?" అన్నారు ఆయన, ఆమె వైపు తలుపు తెరుస్తూ. "స్వెటర్ గురించి గదా నేననేది."

లోపల నర్స్ సమస్య ఏమిటని అడిగింది. సువార్తరాజు గారు నిఖిల కన్నా ముందే జవాబు చెప్పారు. "స్వెటర్ ప్రాబ్లమ్, మేడమ్. వెరీ హాట్ స్వెటర్." నర్స్ ఆయన్నీ, స్వెటర్‌నీ వదిలేసి నిఖిల మొహం చూసింది. నోట్లో థర్మామీటర్ పెట్టింది, వేలికి క్లిప్పు తగిలించింది. ఆ తర్వాత ఎవరూ స్వెటర్ గురించి మాట్లాడలేదు. గబగబా చక్రాల కుర్చీ తెచ్చారు.

న్యుమోనియా. ఒకవైపు ఊపిరితిత్తి కఫంతో సగం నిండిపోయింది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే మేం చెప్పే మాట వేరేగా ఉండేదని డాక్టరమ్మ మెల్లగా అంది. సువార్తరాజు గారు తన షిఫ్ట్ మానుకుని అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నిఖిలకి తొడిగిన హాస్పిటల్ గౌను అంచు పట్టుకుని చూసి, "నయమే, సగం నూలుంది," అన్నారు. ఆ తర్వాత బాత్రూమ్‌కని వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మర్నాడు బాలకుమారి గారు డ్యూటీ దిగి, చారన్నం డబ్బా పట్టుకుని నేరుగా హాస్పిటల్‌కి వచ్చారు. స్పూన్‌తో తినిపిస్తూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్తున్నారు. ఆ పొద్దునే ఏజెన్సీ నుంచి మెసేజ్ వచ్చింది. పేరు తీసేశారు. ఆ సంగతి ఆంటీకి చెప్పలేక, మొహం తిప్పుకుందామని నిఖిల మంచం పక్కన వేలాడుతున్న నల్ల స్వెటర్ వైపు చూసింది. చూసి, అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఆంటీ, దానికి లేబుల్ లేదు."

"ఏందమ్మా?"

"మెడకి గుచ్చుకుంటదని ఎప్పుడో నవంబర్ల నేనే కత్తెరతోని కట్ చేసిన. మరి నిన్న అంకుల్ డెబ్బై శాతమని ఎట్ల చదివిండు?"

బాలకుమారి గారు స్పూన్ డబ్బాలో పెట్టేసి నవ్వడం మొదలుపెట్టారు. పక్క మంచం ముసలావిడ లేచి కూర్చునేంత నవ్వు. "పిచ్చిపిల్లా! ఆయన కళ్ళజోడు లేకుండా బైబిల్లో పెద్దక్షరాలే చదవలేడు. చీమ తలకాయంత లేబులు చదువుతాడా?"

"మరి ఆ శాతాలు?"

"నోటికెంతొస్తే అంత."

"మరి ఏం చూస్తడు ఆంటీ రోజూ?"

బాలకుమారి గారి నవ్వు మెల్లగా తగ్గింది. చెయ్యి చాపి, వేళ్ళ వెనక వైపు నిఖిల మెడ మీద ఆనించి చూపించారు. "ఇదీ. వేడి."

తర్వాత ఆవిడే చెప్పారు. "మాకు పెళ్ళైన కొత్త. మా మరిది వీర్రాజు, పొద్దంతా చేలో మందు కొట్టొచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఈయన అడిగాడమ్మా. అడక్కపోలేదు. 'ఏరా, ఎట్టా ఉందిరా?' అన్నాడు. 'బానే ఉన్నాలే అన్నా,' అన్నాడు వాడు. ఆ చొక్కాతోటే అరుగు మీద పడుకున్నాడు. తెల్లారి లేవలా." కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "ఇరవై ఏళ్ళు నిండలేదు బిడ్డకి. అప్పట్నించీ ఈయన మనుషుల్ని అడగడం మానేశాడు. అడిగితే మీరు మాత్రం ఏం చెప్తారు? చస్తన్నా సరే, ఆల్ గుడ్ అంకుల్!"

"మీరే గద ఆంటీ మొదటి రోజు చెప్పిన్రు, ఆయనకి మనుషులు కనపడరు, బట్టలే కనపడతాయని."

"అట్టా చెప్తేనే గదే మీరు మెడ చూపించేది! జ్వరం చూస్తా రమ్మంటే ఒక్కరన్నా దగ్గరికొస్తారా?"

ఆ సాయంత్రం నిఖిల పరకాలకి ఫోన్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. పత్తి ఏరడం అయిపోయిందనీ, మిర్చికి మందు కొట్టడానికి బయల్దేరుతున్నాననీ నాన్న చెప్పాడు. "నువ్వెట్లున్నవ్ బిడ్డా?" అనడిగాడు. మస్తుగున్న అనబోయి ఆగింది. హాస్పిటల్లో ఉన్నాననీ, జ్వరం వచ్చిందనీ, పని పోయిందనీ మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పి, హాయిగా ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు. పెట్టేసే ముందు, "నాయనా, ఇయ్యాల మందు కొట్టినంక అంగి బయటనే ఇప్పి, తానం చేసి ఇంట్లకి పో. మూతికి తువ్వాల కట్టుకో. ఒట్టెయ్," అంది.

"ఏందే, కెనడా పోయి నేర్చుకున్నది గిదేనా?"

"గిదే. ఒట్టెయ్ ముందు."

ఒట్టేశాడు. ఇంటికొచ్చాక నిఖిల సూట్‌కేస్ అడుగునుంచి టెంట్ తీసి తొడుక్కుంది. మందు కొట్టని పత్తి వల్ల ఎవరికి లాభమో ఆ బట్ట తనకేమీ చెప్పలేదు గానీ, మెత్తగా ఉంది. రాత్రిళ్ళు చెమట పట్టినా ఒంటికి అంటుకోలేదు. అందులో ఇంకొకరికి చోటు మిగిలే ఉంది.

వేర్‌హౌస్ వాళ్ళు మళ్ళీ పిలవలేదు. ఫిబ్రవరి ఫిబ్రవరిలాగే బూడిద రంగులో గడిచింది. మార్చి వస్తూ వస్తుండగా, బాలకుమారి గారి వృద్ధాశ్రమంలో బట్టలు ఉతికే గదిలో వారాంతపు పని ఒకటి ఖాళీ అయింది. ఆవిడ ఎవరెవరితోనో మాట్లాడారు. నిఖిలకి పని దొరికింది. అక్కడ ముసలివాళ్ళ బట్టలు ఒకరివి ఒకరికి కలిసిపోకుండా, ప్రతి చొక్కా మెడ దగ్గరా ఒక గుడ్డ లేబుల్ అతికించి, చెరగని సిరాతో పేరు రాయాలి. పత్తి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న పిల్లకి పొద్దస్తమానం లేబుళ్ళతోనే పని. మరిప్పుడు శాతాలు ఆమె కూడా నోటికొచ్చినట్టు చెప్పగలదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. పైన అంకుల్ వాళ్ళింట్లో భోజనాలు. కిటికీ అవతల ఇంకా మురికి మంచు కుప్పలే. నిఖిల నల్ల స్వెటర్ వేసుకుని మెట్లెక్కి వచ్చింది. సువార్తరాజు గారు చేతిలో పప్పు గిన్నె పక్కన పెట్టి, అలవాటు ప్రకారం వెనక్కి వెళ్ళి కాలర్ తిప్పారు. ఈసారి అక్కడ నిజంగానే ఒక లేబుల్ ఉంది. కొత్తది, తెల్లగా, చెరగని సిరాతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో: "జ్వరం తగ్గింది అంకుల్."

ఆయన రెండు వేళ్ళతో దాన్ని పట్టుకున్నారు. కళ్ళు చిట్లించారు. మిగతా వేళ్ళు మెడకి ఆనించి కాసేపు అలాగే ఉంచారు.

"అరవై శాతం పాలియెస్టర్," అన్నారు గంభీరంగా.

ఆయన భుజం మీదుగా తొంగి చూసిన సాయిచరణ్‌కి పొలమారింది. "అంకుల్, దాని మీద..." అని నోరు తెరిచేసరికి, నిఖిల వాడి కాలు తొక్కింది, బాలకుమారి గారు వాడి నోట్లో అప్పడం కుక్కారు.

"మిగిలిన నలభై ఏంది అంకుల్?" అనడిగింది నిఖిల, వెనక్కి తిరక్కుండా. తిరిగితే కళ్ళు కనపడతాయి.

"నూలే." ఆయన కాలర్ మెల్లగా సర్దారు. "ఫర్లేదు, ఈ వారం బానే ఉంది. వేసుకో."

సాయిచరణ్ అప్పడం మింగి, ఏమనుకున్నాడో ఏమో, తనే వెనక్కి తిరిగి మెడ వంచి నిలబడ్డాడు. "నాది గూడ చూడండి అంకుల్."

సువార్తరాజు గారి మొహం వెలిగిపోయింది. కాలర్ తిప్పారు. "మందు కొట్టిందేగా?"

"లేదంకుల్," అన్నాడు సాయిచరణ్. "ఈ వారం చికెన్ గూడ తినలే."